చిగుళ్లు మానకపోతే జన్యువులనే తిట్టాలా?

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ మీద వచ్చాయి. చిగుళ్లకి ట్రీట్‌మెంట్ చేయించుకున్నాం, పక్కవాళ్లకి తగ్గింది, మాకు తగ్గలేదు, ఇది మా రక్తంలోనే ఉందా అని. అందుకే అన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ప్రశ్న: మా అక్కకీ నాకూ రెండేళ్ల తేడా. ఇద్దరికీ చిగుళ్ల జబ్బే అన్నారు. ఒకే డాక్టరు దగ్గర, ఒకే వారంలో డీప్ క్లీనింగ్ చేయించుకున్నాం. రెండు నెలలకి తనకి రక్తం ఆగిపోయి చిగురు గట్టిపడింది. నాకు మాత్రం కింది దవడలో వెనక పళ్ల దగ్గర ఇంకా రక్తం కారుతూనే ఉంది. ఇద్దరం రెండు పూటలా బ్రష్ చేస్తాం, ఇద్దరికీ షుగర్ లేదు, సిగరెట్ లేదు. "నీ ఒంటి తత్వమే అంత" అంటోంది అక్క. నిజమేనా?

అక్క మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ మాట మీకు పూర్తిగా వర్తించదని చెప్పే ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందు చిగురు మానడమంటే ఏమిటో చూద్దాం. పంటికీ చిగురుకీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల సందు అందరికీ ఉంటుంది. పాచి పేరుకుని, గారగా గట్టిపడి ఆ సందులోకి దిగితే, అక్కడ చేరిన బ్యాక్టీరియా మీద ఒళ్లు యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధంలో ఎక్కువగా పోయేది మన సరుకే: చిగురుని పంటికి పట్టి ఉంచే నారలు, వాటి వెనకున్న ఎముక. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టన్నమాట. అలా సందు 5, 6, 7 మిల్లీమీటర్లకి దిగినప్పుడు దాన్ని పాకెట్ అంటారు. డీప్ క్లీనింగ్‌లో వేరు మీది గార తీసేస్తే వాపు దిగుతుంది, ఒకటి రెండు వారాల్లో చిగురు లోపలి పొర మళ్లీ వేరుని అంటుకోవడం మొదలుపెడుతుంది, దాని కింది నారలు కుదురుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే మళ్లీ కొలతలు తీయడానికి కనీసం 6 నుంచి 8 వారాలు ఆగుతారు, కొందరు 3 నెలలు ఆగమంటారు. సగటున చూస్తే 4 నుంచి 6 మిల్లీమీటర్ల పాకెట్లు 1 మిల్లీమీటరు పైచిలుకు తగ్గుతాయి, 7 దాటినవి 2 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు, ఉన్నది నిలబడుతుంది.

ఇక జన్యువుల సంగతి. బ్యాక్టీరియా కనిపించగానే మన కణాలు ఎంత గట్టిగా కేకలు వేస్తాయి, ఎంతసేపటికి శాంతిస్తాయి అనేది మనిషి మనిషికీ తేడా. ఆ కేకల్లో పేరుమోసినది ఇంటర్‌ల్యూకిన్-1 అనే రసాయనం. ఎముకని కరిగించే కణాలని లేపేది ఇదే. కొందరిలో ఈ జన్యువులో చిన్న తేడా వల్ల అది ఎక్కువగా తయారవుతుందనీ, క్లీనింగ్ తర్వాత కూడా అంత త్వరగా దిగదనీ చూపించిన చిన్న పరిశోధనలు ఉన్నాయి. తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాని పట్టుకునే తీరు, చిగురులోని కొల్లాజెన్‌ని కోసే ఎంజైములు, విటమిన్ డి పనితీరు, వీటి జన్యువుల్లోనూ తేడాలు వెతికారు. ఒక్కోదాని ప్రభావం చాలా కొద్దిగానే కనిపించింది.

తత్వం తేడా ఎంత ఉంటుందో చూడాలంటే శ్రీలంక తేయాకు తోటల అధ్యయనం చెప్పాలి. 1970లో మొదలుపెట్టి 15 ఏళ్లపాటు 480 మంది మగ కూలీలని గమనించారు. వాళ్లకి బ్రష్ అలవాటు లేదు, పంటి డాక్టరు మొహం చూసినవాళ్లు లేరు, అందరి పళ్ల నిండా పాచీ గారా. అంటే శత్రువు అందరికీ దాదాపు ఒకటే. అయినా 8 శాతం మందికి జబ్బు దూకుడుగా ముదిరి పళ్లు పోయాయి, 81 శాతం మందికి ఓ మోస్తరుగా సాగింది, 11 శాతం మందికి చిగుళ్లు ఎర్రబడటం దాటి ముందుకే పోలేదు! ఇందులో ఎవరి జన్యువులూ పరీక్షించలేదు, కానీ పాచి ఒక్కటే కథంతా చెప్పదని తేలిపోయింది. తర్వాత అమెరికాలో 117 జంటల కవలలని చూసి 2000లో ఒక లెక్క ఇచ్చారు. ఎముకని తినే చిగుళ్ల జబ్బులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సగం దాకా జన్యువుల వల్లే అని. 2019లో అలాంటి కవలల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అది 38 శాతం దగ్గరికి వచ్చింది. ఆ కవలల లెక్కలోనే ఇంకో విషయం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పైపైన చిగురు వాచి రక్తం కారడం అనే మొదటి దశలో, అలవాట్లని లెక్కలోకి తీసుకున్నాక, జన్యువుల వాటా కనిపించలేదు.

ఇప్పుడు మీ ఉత్తరానికి వద్దాం. "కింది దవడలో వెనక పళ్ల దగ్గర" అని రాశారు. మరి మిగతా పళ్లు? అవి మానాయన్నమాట. మీ జన్యువులు ముందు పంటి దగ్గరా వెనక పంటి దగ్గరా ఒకటే కదండీ. ఒంటి తత్వమే కారణమైతే నోరంతా మొండికేయాలి, రెండు మూడు పళ్లు కాదు. కొన్ని చోట్ల మాత్రమే మానలేదంటే ముందు ఆ చోటునే అనుమానించాలి. వెనక దవడ పళ్లకి రెండు మూడు వేర్లు ఉంటాయి, ఆ వేర్లు చీలే దగ్గర ఎముక పోతే లోపలికి పరికరం సరిగా పోదు, గార ముక్క మిగిలిపోతుంది. లేదా పాత ఫిల్లింగ్ అంచు బయటికి పొడుచుకొచ్చి అక్కడ పాచి పట్టి ఉండొచ్చు. లేదా, కోపం తెచ్చుకోకండి, ఆఖరి పంటి వెనక వైపుకీ నాలుక వైపుకీ మీ బ్రష్ చేరడం లేదేమో. పళ్ల మధ్య సందుల్లోకి ఎలాగూ మామూలు బ్రష్ పోదు, దానికి చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి, మీ సందు సైజుకి తగ్గది డాక్టరే పెట్టి చూపిస్తారు.

ఈసారి వెళ్లినప్పుడు కొలతలు గట్టిగా చదవమని అడగండి. డాక్టరు మిల్లీమీటర్ల గీతలున్న సన్నని ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తూ "3, 2, 3, 3, 2, 6" అని చెప్తుంటే అసిస్టెంట్ రాసుకుంటారు. ఆ 6 ఎక్కడొచ్చిందో, అక్కడ రక్తం వచ్చిందో లేదో మీరూ విని గుర్తుపెట్టుకోండి. క్లీనింగ్‌కి ముందు చార్టూ తర్వాత చార్టూ పక్కపక్కన పెడితే, మీ తత్వం గురించి అక్క చెప్పేదానికంటే ఎక్కువే తెలుస్తుంది. ఆ కొద్ది చోట్ల మళ్లీ క్లీనింగ్ చేస్తారు, అప్పటికీ దిగకపోతే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ గురించి మాట్లాడతారు. నోరంతా ఒకేలా మొండికేసిన మనిషైతే వేరే కథ, అప్పుడు షుగర్, సిగరెట్, మందులు, రక్త పరీక్షలు, ఆ తర్వాత తత్వం.

ప్రశ్న: చిగుళ్ల జబ్బు జన్యు పరీక్ష అని ఒక ల్యాబ్ వాళ్లు అమ్ముతున్నారు. బుగ్గ లోపల దూదితో రుద్ది పంపితే చాలట. ట్రీట్‌మెంట్ నాకు పనిచేస్తుందో లేదో ముందే తెలుస్తుందంటున్నారు. చేయించుకోనా?

వద్దు. కారణం కూడా చెప్తాను.

దీని మూలం 1997లో అమెరికాలో కోర్న్‌మన్ బృందం రాసిన పేపరు. ఇంటర్‌ల్యూకిన్-1 జన్యువుల్లో రెండు చోట్ల ఒక రకం తేడా ఉన్నవాళ్లకి జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని, అదీ సిగరెట్ తాగనివాళ్లలోనే, చెప్పారు. వెంటనే అది పరీక్షగా మార్కెట్లోకి వచ్చేసింది. తర్వాత పదేళ్లలో ఎవరు చూస్తే వాళ్లకి ఒక్కో రకం ఫలితం. ఉదాహరణకి ఎముక పెరగడానికి చిగురు కింద పొర వేసే సర్జరీలో, ఆ తేడా ఉన్నవాళ్లు మొదట అందరిలాగే బాగుపడి మూడేళ్లలో ఎక్కువ పోగొట్టుకున్నారని ఒకరు చూపించారు, మా దగ్గర అలాంటి తేడా ఏమీ లేదని ఇంకొకరు చూపించారు. 2007లో అప్పటిదాకా వచ్చినవన్నీ జల్లెడ పట్టి, ఈ పరీక్ష చూసి జబ్బు ఎలా సాగుతుందో, ట్రీట్‌మెంట్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

ఇంకో చిక్కు ఉంది. ఈ జన్యు రకం ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఉంటే, చైనా మూలాలున్నవాళ్లలో 2000లో చూసినప్పుడు 2.3 శాతమే ఉంది. అంతమాత్రాన వాళ్లకి చిగుళ్ల జబ్బు రావడం లేదా? శుభ్రంగా వస్తోంది. అంటే ఒకచోట తయారైన పరీక్షని ఇంకోచోట మనుషుల మీద పెట్టి జాతకం చెప్పలేం.

వేలమంది జన్యువులని మొత్తం జల్లెడ పట్టే పెద్ద అధ్యయనాలూ వచ్చాయి. చిన్న వయసులోనే దూకుడుగా వచ్చే రకానికి జీఎల్‌టీ6డీ1 అనే జన్యువుతో లంకె దొరికింది. గుండె రక్తనాళాల జబ్బుతో సంబంధమున్న 9వ క్రోమోజోమ్ భాగమే చిగుళ్ల జబ్బులోనూ కనిపించింది, అది నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. కానీ ఇవన్నీ గుంపు గురించి చెప్పే మాటలు, కుర్చీలో కూర్చున్న మీ గురించి కాదు.

అసలు పాయింటు ఏమిటంటే, ఆ పరీక్షలో 'ఉంది' అని వస్తే మీ డాక్టరు ఏం చేస్తారు? గార తీస్తారు, తరచూ రమ్మంటారు. 'లేదు' అని వస్తే? గార తీస్తారు, కొలిచి చూసి ఎప్పుడు రావాలో చెప్తారు. చేసే పని మార్చని పరీక్షకి డబ్బు దేనికి? 'లేదు' అని వస్తే ఇంకో ప్రమాదం, ధైర్యం వచ్చేసి జనం చెకప్ మానేస్తారు. రెండు నెలల తర్వాత తీసే కొలతలే మీ శరీరం ట్రీట్‌మెంట్‌కి ఎలా స్పందించిందో నేరుగా చెప్తాయి, అందులో మీ జన్యువులూ కలిసే ఉంటాయి.

ప్రశ్న: మా నాన్నకీ పెద్దనాన్నలకీ యాభై లోపే పళ్లన్నీ ఊడిపోయాయి. నాకూ మొదలైంది. వంశంలోనే ఉన్నప్పుడు సిగరెట్ మానేసి ఒరిగేదేముంది? రోజుకి పదో పన్నెండో, అంతే. పైగా నాకు చిగుళ్ల నుంచి రక్తం కూడా రాదు.

"అంతే" అన్నారు చూడండి! ఇప్పుడు వాడుతున్న వర్గీకరణలో రోజుకి 10 సిగరెట్లు, ఆపైన అంటే జబ్బు వేగంగా ముదిరే గ్రేడ్ సి లోకి తోసేస్తారు. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, 7 శాతం, ఆపైన ఉన్న షుగర్ వాళ్లదీ అదే గ్రేడు. వంశం గురించి ఆ పట్టికలో అసలు గడే లేదు.

రక్తం రాకపోవడం శుభసూచకమేమీ కాదు. నికోటిన్ చిగురు రక్తనాళాలని నొక్కేస్తుంది, లోపల జబ్బు సాగుతున్నా పైకి రక్తం కనపడదు. మానేసిన కొత్తలో కొందరికి రక్తం ఎక్కువ కనిపించి కంగారు పడతారు, అది చిగురు మళ్లీ మామూలుగా స్పందించడం.

మీ వాదన అడ్డం తిరిగే చోటు ఇంకోటి ఉంది. పైన చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-1 తేడా సిగరెట్ తాగనివాళ్లలోనే పనికొచ్చే లంకెగా కనిపించింది అన్నాను కదా, ఎందుకంటే తాగేవాళ్లలో పొగ చేసే డ్యామేజీ ముందు జన్యువు గొంతు వినపడనే లేదు. 1999లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ట్రీట్‌మెంట్ తర్వాత ఏళ్ల తరబడి చెకప్‌కి వస్తున్నవాళ్లలో పన్ను పోయే ముప్పు ఆ జన్యు రకం వల్ల 2.7 రెట్లు, బాగా సిగరెట్ తాగడం వల్ల 2.9 రెట్లు, రెండూ ఉంటే 7.7 రెట్లు అని తేలింది. చిన్న అధ్యయనమే, అంకెలని రాసిపెట్టుకోవద్దు, కానీ మీ ప్రశ్నకి జవాబు అందులో ఉంది. వంశం బాగాలేని మనిషికే సిగరెట్ మానడం వల్ల ఎక్కువ లాభం. తాగుతూ ఉంటే డీప్ క్లీనింగ్ తర్వాత పాకెట్లు తగ్గడం కూడా మిగతావాళ్లకంటే తక్కువే.

ఇంకొక్క మాట. ఇంట్లో అందరికీ పళ్లు పోయాయంటే అంతా రక్తమే అనుకోకండి. ఒక ఇంట్లో వాళ్లు పంచుకునేవి జన్యువులొక్కటే కాదు. బ్యాక్టీరియా కూడా ఒకరి నోట్లోంచి ఒకరికి చేరుతుంది, సిగరెట్ అలవాటూ చేరుతుంది. మీ నాన్న, పెద్దనాన్నలు తాగేవారా? అది రాయలేదు మీరు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. పాలపళ్లు అప్పుడే కదిలి ఊడిపోతున్నాయి, చిగుళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. పాలపళ్లే కదా, మళ్లీ వస్తాయిలే అంటున్నారు ఇంట్లో. చాలా టెన్షన్‌గా ఉంది.

మీ టెన్షన్ న్యాయమైనదే, ఇంట్లోవాళ్ల మాట ఈ ఒక్కసారి వినకండి. పాలపళ్లు ఊడటం సాధారణంగా ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. దెబ్బ తగలకుండా నాలుగేళ్లకే కదిలి ఊడుతున్నాయంటే కారణం వెతకాలి. పైన పెద్దవాళ్ల విషయంలో ఏ ఒక్క జన్యువు వాటా అయినా చిన్నదేనని వాదించాను, ఇక్కడ మాత్రం ఒక్క జన్యువే మొత్తం కథ కావొచ్చు.

ముందు పాప అరచేతులు, అరికాళ్లు చూడండి. చర్మం మందంగా, ఎర్రగా, పొలుసులు లేస్తూ ఉందా? ఉంటే పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బేమో చూడాలి. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి వస్తుందని అంచనా. 1924లో ఫ్రాన్స్‌లో గుర్తించారు, కారణం కెథెప్సిన్ సి అనే ఎంజైము జన్యువులో లోపమని 1999లో తేలింది. ఆ ఎంజైము లేకపోతే తెల్ల రక్తకణాల ఆయుధాలు పదును తేలవు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న కాపీ వస్తేనే బిడ్డకి జబ్బు, అందుకే దగ్గరి రక్తసంబంధం ఉన్న దంపతుల పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది.

చిగురు పెద్దగా వాపు లేకుండా, పన్ను వేరుతో సహా చెక్కుచెదరకుండా ఊడితే ఇంకో అనుమానం, హైపోఫాస్ఫటేషియా. దానికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మామూలు రక్త పరీక్షలో అంకె తక్కువగా వస్తుంది. పెద్దల లెక్కతో కాకుండా పిల్లల వయసు లెక్కతో చూడమనండి, లేకపోతే తక్కువని తెలియకుండానే జారిపోతుంది. ఊడిన పన్ను పారేయకండి, కడిగి దాచి డాక్టరుకి చూపించండి. తెల్ల రక్తకణాల సంఖ్య చూసే పరీక్ష కూడా తప్పదు, వాటి లోపాలు కొన్ని మొదట నోట్లోనే బయటపడతాయి.

అలాంటి లోపాల్లో ఒకటి ఉంది, తెల్ల రక్తకణాలు రక్తనాళం దాటి చిగురులోకి రాలేని జబ్బు. సైనికులే రానందువల్ల బ్యాక్టీరియా చెలరేగి ఎముకని తింటోందని చాలా ఏళ్లు అనుకున్నారు. తీరా చూస్తే శరీరం పంపే ఇంకో సంకేతం, ఇంటర్‌ల్యూకిన్-17, అదుపు తప్పి వాపుని పెంచుతోందని తేలింది. 2017లో ఒక రోగికి ఆ దారిని అడ్డుకునే యుస్టెకినుమాబ్ అనే మందు, సోరియాసిస్‌కి వాడేదే, ఇస్తే చిగుళ్ల వాపు దిగిపోయింది. కారణం తెలిస్తే దారి దొరకొచ్చని చెప్పడానికే ఇది రాశాను, మీ పాపకి ఇదేనని కాదు. ఈ వారమే పిల్లల పంటి డాక్టరుకీ, పిల్లల డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి.

ప్రశ్న: డీప్ క్లీనింగ్ తర్వాత పళ్లు పొడుగయ్యాయి, చల్లనివి తాగితే జివ్వుమంటోంది. డాక్టరు చిగురు కోసేశారా?

లేదు. వాచిన చిగురు వాపు దిగింది, అంతే, ఇన్నాళ్లూ వాపు కప్పి ఉంచిన వేరు బయటపడింది. చిగురు పలచగా ఉండటం కొందరికి పుట్టుకతో వచ్చే తీరు, అలాంటివాళ్లకి ఇంకొంచెం ఎక్కువ దిగుతుంది. సెన్సిటివిటీ టూత్‌పేస్టు వాడండి, కొన్ని వారాల్లో జివ్వుమనడం తగ్గుతుంది.

ప్రశ్న: నాకు ముప్పై రెండు. తత్వం మంచిది కాదని, జీవితాంతం మూడు నెలలకోసారి రావాల్సిందేనని డాక్టరు అన్నారు. ఎటూ పోయే పళ్లకి ఇంత తిరగడం దేనికి?

ఎటూ పోతాయని ఎవరన్నారు? 1978లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు తమ దగ్గర ట్రీట్‌మెంట్ చేయించుకుని సగటున 22 ఏళ్లపాటు చెకప్‌లకి వస్తూ ఉన్న 600 మంది లెక్క ప్రచురించారు. వాళ్లలో 499 మందికి ఆ కాలమంతా పోయినవి మూడు పళ్లు, అంతకంటే తక్కువ. 76 మందికి నాలుగు నుంచి తొమ్మిది. 25 మందికి మాత్రం పది, అంతకు మించి పోయాయి. ఆ ఆఖరి పాతికమందిలో తత్వం పాత్ర ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ ఎవరు ఏ గుంపో మొదటి రోజు చెప్పగలిగే పరికరం వాళ్ల దగ్గర లేదు, ఇప్పుడూ లేదు.

మూడు నెలలు అనేది ఊరికే పెట్టింది కాదు, శుభ్రం చేసిన పాకెట్లోకి చెడ్డ బ్యాక్టీరియా మళ్లీ చేరి స్థిరపడటానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది, అది స్థిరపడేలోపు చెదరగొట్టాలి. బ్యాక్టీరియా మీద మీ ఒళ్లు చేసే యుద్ధం గట్టిది కాబట్టి ఆ గడువు దాటనివ్వకూడదు. అయితే "జీవితాంతం" అనే మాట దగ్గర మీ డాక్టరుతో కాస్త బేరం ఆడొచ్చు. ఏడాదిపాటు మానకుండా వెళ్లండి, ప్రతిసారీ రక్తం వచ్చిన చోట్లు ఎన్నో, 5 మిల్లీమీటర్లు దాటినవి ఎన్నో రాయించుకోండి. అవి తగ్గి అలాగే నిలబడితే నాలుగు నెలలకి మార్చమని అడగండి, ఒప్పుకునే డాక్టర్లు చాలామందే. మళ్లీ పెరిగితే మాత్రం మూడుకే రండి, గొడవ పడకుండా.